చెంబక్కకు రాని అవార్డు

ఇప్పుడు వేదిక మీద కవరు చింపేలోపే ఎవరికి ఏ అవార్డు వచ్చిందో మన జేబులోని ఫోను గుర్రుమని చెప్పేస్తుంది గానీ, ఆ రోజుల్లో సినిమా అవార్డుల పండగ రెండుసార్లు జరిగేది. ఒకసారి నిజంగా, హైదరాబాదులో, ఏదో ఒక శనివారం. రెండోసారి మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం నాలుగింటికి, టీవీలో. ఈ రెండింటికీ మధ్యనున్న ఆ మూడు వారాల సందులో దూరి ఒక మనిషి ఎంత గొప్ప ప్రవక్త కావచ్చో, ఆ తర్వాత ఎంత ఒంటరివాడు కావచ్చో కనిపెట్టినవాణ్ని బహుశా నేనొక్కణ్నే. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. గొప్పగా చెప్పుకోదగిన పనేం కాదు గానీ, ఇన్నేళ్ల తర్వాత చెప్పుకుంటే తప్పులేదనిపిస్తోంది.

డిప్లొమా చేతికి రాగానే జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. మాది నల్గొండ దిక్కు పల్లె. నేను ట్రాక్టర్లు తయారు చేస్తున్నానని ఇంట్లోవాళ్లు ఊరంతా చెప్పుకున్నారు (మా మేనమామైతే ఏడాది తిరిగేసరికి నాకొక ట్రాక్టరు ఊరికే ఇస్తారని కూడా ప్రచారం చేశాడు). నిజానికి నా పని ఆఖరి తనిఖీ. లైను చివరికి వచ్చిన ట్రాక్టరు ఎక్కాలి, స్టార్టు చేయాలి, లైట్లు వేయాలి, హారన్ కొట్టాలి, బ్రేకు తొక్కాలి, దిగాలి, కాగితం మీద టిక్కు పెట్టాలి. మళ్లీ ఇంకో ట్రాక్టరు ఎక్కాలి. రోజంతా అన్ని బండ్లు ఎక్కి దిగినా సాయంత్రానికి ఎక్కడికీ పోయినట్టుండేది కాదు. షిఫ్టు అయిపోగానే తోటి కుర్రాళ్లంతా బీదర్ వైపో సదాశివపేట వైపో తమ తమ ఊళ్ల బస్సులెక్కి వెళ్లిపోయేవారు. నేను హైవే పక్కనే చిరాగ్‌పల్లి వైపు నడుచుకుంటూ పోయేవాణ్ని. చెరుకు లారీలు, అల్లం బస్తాల ఆటోలు, బొంబాయి బస్సులు. అందరూ జహీరాబాద్ మీదుగా ఎటో పోయేవాళ్లే, జహీరాబాద్‌కే వచ్చినవాణ్ని నేనొక్కణ్నేమో అనిపించేది. హోటల్లో కావాలనే రొట్టెలు ఒక్కొక్కటే అడిగేవాణ్ని. అలా అడిగితే సర్వరు నాలుగుసార్లు వచ్చి “ఇంకేం గావాలన్నా?” అంటాడు. రోజు మొత్తంలో నన్నెవరైనా ఏమైనా అడిగేది అదొక్కటే.

నేనుండేది ఒక మిద్దె మీది రేకుల గది. కింద ఇంటామెను వాడకట్టంతా గేటు పెద్దమ్మ అనేవారు, నేను ఉత్త పెద్దమ్మ అనేవాణ్ని. ఆమె పుట్టింది న్యాల్‌కల్ పక్క పల్లెలో. ఆమె భర్త, పెద్దాయన, జహీరాబాద్ టాకీసులో మిషను ఆపరేటరు, ఈమె అదే టాకీసులో లేడీస్ గేటు దగ్గర టికెట్లు చింపేది. పెద్దాయన పోయాడు, తర్వాత టాకీసూ పోయింది (అదిప్పుడు సిమెంటు గోదాము). పిల్లలు లేరు. మిగిలింది ఆమె, ఒక టీవీ, సినిమాల మీద ఆమె అభిప్రాయాలు. ఆ అభిప్రాయాలకు ఒక ప్రత్యేకత ఉండేది. మొదటి సగమంతా గేటు దగ్గర నిలబడాల్సిందే కాబట్టి, ముప్పై ఏళ్లలో ఆమె ఏ సినిమాకూ మొదటి సగం చూడలేదు. ఇంటర్వెల్ అయ్యాక గేటుకు గొళ్లెం పెట్టి, లోపలికెళ్లి మెట్ల మీద కూర్చునేది. హీరో ఎందుకు పగబట్టాడో ఆమెకు తెలియదు, పగ ఎలా తీర్చుకున్నాడో మాత్రం పూసగుచ్చినట్టు చెప్పేది. “సురువుల ఎవడన్న మంచిగనే చేస్తడు బిడ్డా. ఇంటర్వెల్ అయినంక నిలవడ్డోడే యాక్టరు” అనేది. ఈ లెక్కన ఆమె చాలామంది పెద్ద హీరోలను ఏనాడో కొట్టేసింది.

మొదటి రెండు నెలలూ మా ఇద్దరి సంభాషణ అంతా డిష్ గురించే. మిద్దె మీది డిష్‌ను కోతులు రోజుకోసారి తిప్పిపోయేవి. కింద నుంచి ఆమె కేక, పైనుంచి నా కేక. “వచ్చిందా పెద్దమ్మా?” “రాలే!” “ఇప్పుడు?” “మాటలొస్తున్నయ్, మనుషులు రాలే!” “ఇప్పుడో?” “ఆఁ... గంతే, కదలకు!” ఎంతసేపు కదలకూడదో చెప్పేది కాదు. ఒక ఆదివారం ఆమె చూస్తున్న సినిమా క్లైమాక్సు అయ్యేదాకా డిష్ పట్టుకుని ఎండలో నిలబడ్డాను. నేను కిందికి దిగేసరికి “అయ్యో, ఇంతసేపు పట్టుకునే ఉన్నవా!” అని తన మతిమరుపును తానే తిట్టుకుని, జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె టీవీ ముందు చాప మీద గోడకు ఆనుకుని కూర్చునే చోటొకటి నాదైపోయింది. షిఫ్టులో హారన్లు కొడుతున్నంతసేపూ ఆ చోటే తలచుకునేవాణ్ని. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉద్యోగం చేసినవాళ్లకు దాని విలువ నేను చెప్పక్కర్లేదు.

ఆ ఏడు వేసవిలో అవార్డులు ఇచ్చారు. మా క్యాంటీన్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అందరికీ వినబడేట్టు చదవనిదే ఆయనకు అన్నం అరిగేది కాదు. రేడియో అన్న అనేవాళ్లం. ఉత్తమ నటుడు మొదలుకొని ఉత్తమ పోరాటాల దాకా జాబితా అంతా ఆయన నోటే విన్నాను. ఫోటోలు బాగున్నాయని ఆ పేపరు గదికి కూడా తెచ్చుకుని, అలమరలో బట్టల కింద పరిచాను. పెద్దమ్మకు చదువు రాదు, టికెట్లను రంగు చూసి గుర్తుపట్టేది. మూడు వారాల తర్వాత టీవీలో అవార్డులు వస్తాయని ప్రకటన చూసి, అవి ఆ ఆదివారం నాలుగింటికే జరుగుతాయనుకుంది. క్రికెట్ మ్యాచి అలాగే వస్తుంది కదా, ఇదెందుకు రాదు? నేను నవ్వుకుని ఊరుకున్నాను. అప్పటికి నా మనసులో దురుద్దేశమేమీ లేదని ఒట్టేసి చెప్పగలను.

ఆ ఏడు పెద్దమ్మకు అవార్డుల మీద అంత ఆసక్తి ఎందుకంటే, ఉత్తమ సహాయ నటి పోటీలో చెంబక్క ఉంది. చెంబక్క అంటే ముప్పై ఏళ్లుగా హీరోకు మేనత్తగానో, హీరోయిన్ ఇంట్లో పనిమనిషిగానో, పక్కింటావిడగానో కనిపించే ఒక నటి. తెర మీద ఆమె పేరు ‘తదితరులు’ అన్న మాటలో కలిసిపోయి ఉండేది. ప్రతి సినిమాలోనూ ఎవరో ఒకరికి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చేది కాబట్టి పెద్దమ్మ ఆమెకు ఆ పేరు పెట్టింది. ఆ ఏడు మాత్రం ఎవరో పుణ్యాత్ముడు ఆమె చేతిలోని చెంబు పక్కన పెట్టించి ఒక వేషం ఇచ్చాడు. కొడుకు తన పెళ్లికి తల్లిని పిలవలేదని తెలిసి, ఆ తల్లి బియ్యంలో రాళ్లు ఏరుతూ ఒక్క మాటా మాట్లాడని సీను. (అది ఇంటర్వెల్ తర్వాత వస్తుంది.) “ఏడ్చుకుంటనే ఏరింది చూసినవా బిడ్డా, ఒక్క రాయి ఇడువలే” అని పెద్దమ్మ నాకు పదిసార్లు చెప్పింది. పదకొండోసారి చెప్పాక, “ముప్పై ఏండ్లు నా చేతుల టికెట్ పెట్టిన్రు, తీస్కున్నరు. ఒక్కలన్న నా మొఖం దిక్కు చూడలే. దాని దిక్కన్న చూస్తే నాకు సంబరం” అంది. ఝరాసంగం సంగమేశ్వరునికి మొక్కుకుంది. ఆ ఆదివారం ఒక్కపొద్దు ఉంటానంది. దేవుడి ముందు కొట్టడానికి టెంకాయ తెమ్మని నన్నే అంగడికి పంపింది. నేను వెళ్లి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి మరీ, మంచి కాయ తెచ్చిచ్చాను. ఉత్తమ సహాయ నటి అవార్డు బొమ్మను ఎవరో కొత్తమ్మాయి ఎత్తుకుని నవ్వుతున్న ఫోటో నా బట్టల కింద ఉందని నాకు తెలుసు.

నాలుగింటికి మొదలైంది. ఆరుబయట వేదిక, పైన నల్లటి ఆకాశం, నక్షత్రాలు. పెద్దమ్మ కిటికీ లోంచి ఎండను చూసి, టీవీని చూసి, “హైదరాబాద్‌ల గప్పుడే చీకటైందా?” అంది. నిజం చెప్పడానికి దేవుడు నాకిచ్చిన మొదటి అవకాశం అది. “పైన నల్లగుడ్డ కట్టిన్రు పెద్దమ్మా” అన్నాను. నమ్మింది. తర్వాత ఎప్పటిలాగే తీర్పులు మొదలుపెట్టింది. చేతులు పైకెత్తి నిలబడిన ఇత్తడి ఆడబొమ్మను చూసి “దాన్ని పోలీసులు పట్టుకున్నరా ఏంది, చేతులెత్తింది?” అంది. అవార్డులన్నీ ఒక బనియన్ల కంపెనీ యజమాని చేతుల మీదుగా ఇప్పిస్తుంటే “ఈయన ఏ సినిమాల చేసిండు?” అని ఆరా తీసింది. “తెలుగు సినిమాకు ఇస్తే ఇంగ్లీషుల తీస్కుంటున్నరేంది?” అంది. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకే ఒక్కొక్కటిగా అవార్డులు రావడం గమనించి, “పెండ్లిల సదివింపుల లెక్కనే బిడ్డా. వచ్చినోళ్ల పేరే సదువుతరు” అని తేల్చేసింది. ఈ చివరి అభిప్రాయాన్ని కొట్టిపారేసే ఆధారం నాకు ఇప్పటికీ దొరకలేదు.

నేను నోరు మూసుకుని కూర్చుంటే ఈ కథే లేదు. ఉత్తమ గాయకుడి పేర్లు చదువుతుండగా ఊరికే, సరదాకి, “గా బక్కాయనకు వస్తది చూడు” అన్నాను. వచ్చింది. ఉత్తమ హాస్యనటుడు, అదీ చెప్పాను, వచ్చింది. మూడోది కూడా వచ్చేసరికి పెద్దమ్మ టీవీ వదిలేసి నన్ను చూడడం మొదలుపెట్టింది. అంతలో పక్కింటి ఖాలా ఫ్రిజ్‌లో ఐసు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. పెద్దమ్మ ఆమెను పట్టి కూర్చోబెట్టింది. ఖాలా ముందు నాలుగు, అయిదు, ఆరు. “యా అల్లా! వీని జబాన్ మీద మచ్చ ఉన్నది, నాలుక చాపు బేటా” అంది ఖాలా. చాపాను. ఇద్దరూ నా నాలుకను కిటికీ వెలుతురులోకి తిప్పి పరీక్షించారు. మచ్చ ఎడమ పక్కన ఉందని ఖాలా, నడుమ ఉందని పెద్దమ్మ వాదించుకున్నారు. జీవితంలో అంతవరకు నన్నెవరూ అంత దగ్గరగా చూడలేదు. ఏడో అవార్డు వచ్చేసరికి, నిజం చెప్పాలంటే, నాకు కూడా నా మీద కొంత నమ్మకం కుదిరింది.

అప్పుడు ఉత్తమ సహాయ నటి వచ్చింది. తెర మీద నాలుగు ముఖాలు, నాలుగోది చెంబక్క. మంచి పట్టుచీర కట్టుకుని, ఎక్కడో వెనక వరుసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెద్దమ్మ పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, “బిడ్డా, టీవీ దిక్కు చూడకు, నా దిక్కు చూడు. చెంబక్కకే వస్తది అను. నువ్వు అన్నది అయితున్నది గద. ఒక్క మాట అను” అంది. నేను ఇరుక్కున్నాను. అంటే, నిమిషంలో అబద్ధమైపోతుంది, ఖాలా ముందు నా మచ్చ చెరిగిపోతుంది. అనకపోతే? ముందే చెబితే దెబ్బ కాస్త మెల్లగా తగులుతుందేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను (అది దయ కాదు, గర్వం. తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది). “ఏమో పెద్దమ్మా, గా కొత్తపిల్లకు వస్తదేమో” అన్నాను. కవరు చింపారు. కొత్తపిల్ల లేచింది. కెమెరా ఒక్క క్షణం చెంబక్క ముఖం మీదికి వెళ్లింది. ఆమె నవ్వుతూ చప్పట్లు కొడుతోంది.

పెద్దమ్మ చెయ్యి నా మోకాలి మీద నుంచి తీసేసింది. “నువ్వే అన్నవ్. నువ్వు అనకుంటే దానికే వస్తుండె. నీ నోటితోని పోగొట్టినవ్” అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు భయం వేసింది. నా తప్పు లేదని నిరూపించుకోవాలన్న తొందరలో మెట్లెక్కి పరుగెత్తి, అలమరలో బట్టలన్నీ కింద పడేసి, ఆ పేపరు తెచ్చి ఆమె ముందు పరిచాను. ఫోటోలో కొత్తపిల్ల, టీవీలో కొత్తపిల్ల. అదే చీర, అదే బొమ్మ, అదే నవ్వు. “నేనేం పోగొట్టలే పెద్దమ్మా. మూడు వారాల కిందనే అయిపోయింది. పేపర్ల చూసి చెప్పిన, గంతే” అన్నాను. బతికి బయటపడ్డాననే అనుకున్నాను. పెద్దమ్మ ఫోటో మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“అంటే నీకు ఎరికె” అంది చివరికి. గొంతు పెంచలేదు. “పొద్దుగాల నేను ఒక్కపొద్దు అంటే నీకు ఎరికె. టెంకాయకు తోలితే పోయి తెచ్చినవ్. గప్పుడు గూడ ఎరికె. గెలుసుడు ఓడుడు ఎవల చేతుల లేదు బిడ్డా. దానికి రాకుంటే రాకపాయె. నేనొక్కదాన్నే దండం పెట్టుకుంట కూసున్న. నువ్వు నా పక్కకు కూసొని, సినిమా చూసినట్టు నన్ను చూసినవ్.” ఖాలా ఐసు సంగతి మరిచిపోయి, ఖాళీ గిన్నె పట్టుకుని మెల్లగా లేచి వెళ్లిపోయింది. పెద్దమ్మ టీవీ ఆపేసింది. ఉత్తమ నటుడెవరో ఇంకా చెప్పనే లేదు. నేను పేపరు మడిచి పట్టుకుని నా గదికి వెళ్లిపోయాను.

ఆ తర్వాత దాదాపు ఏడాది పెద్దమ్మ నాతో మాట్లాడలేదు. గది ఖాళీ చేయమనలేదు, తిట్టలేదు. నాకు చెప్పాల్సినవి మెట్ల పక్కనున్న కుళాయికి, అదే నల్లాకు, చెప్పేది. “ఓ నల్లా, నీళ్లొచ్చినయ్, నింపుకునేటోళ్లు నింపుకోన్రి” అని. నేను కూడా మెట్ల మీద నుంచి “నింపుకుంటా” అని నల్లాకే జవాబిచ్చేవాణ్ని. మిఠాయి పొట్లం తెచ్చి గడప మీద పెడితే మరునాడు నా మెట్టు మీద ఉండేది, ముడి కూడా విప్పకుండా. ఖాలాను రాయబారం పంపాను. “గుస్సా లేదంట బేటా. మాట్లాడ మనసైతలేదంట” అని చెప్పింది. కోపమైనా బాగుండేది. కోతులు డిష్ తిప్పిపోయినా కింద నుంచి కేక వచ్చేది కాదు. నేనే వెళ్లి ఒక అంచనాతో అటూ ఇటూ తిప్పేవాణ్ని, వచ్చిందో రాలేదో తెలిసేది కాదు. సాయంత్రాలు రేకుల కింద పడుకుని వింటే టీవీలోని మాటలు పైకి వినిపించేవి, మధ్యమధ్య పెద్దమ్మ తీర్పులు కూడా. “వీడా? వీనికేం వస్తది!” అని ఆమె కింద అంటే, “ఏం రాదు పెద్దమ్మా” అని నేను పైన అనేవాణ్ని, ఆమెకు వినబడకుండా. మళ్లీ చిరాగ్‌పల్లి వైపు నడక మొదలైంది, మళ్లీ ఒక్కొక్క రొట్టె. ఒకరోజు ఆ హోటల్లోనే, నాలుగో రొట్టె దగ్గర, ఏడ్చేశాను. సర్వరు ఉల్లిగడ్డ ఘాటు అనుకుని ప్లేటు మార్చాడు.

మళ్లీ వేసవి వచ్చింది. మళ్లీ అవార్డులు ఇస్తున్నారనీ, ఈసారీ చెంబక్క పోటీలో ఉందనీ కింది టీవీ ప్రకటన పైకి వినిపించింది. అప్పుడే ఒక నిర్ణయం తీసుకున్నాను. టీవీలో వచ్చేదాకా ఎవరు గెలిచారో నాకు తెలియకూడదు. చెప్పినంత తేలిక కాదది. పేపర్లు మానేశాను. క్యాంటీన్‌లో గోడ వైపు తిరిగి కూర్చున్నాను. మిర్చి బజ్జీలు పేపరులో కట్టిస్తే ఆ పేపరు చూడకుండా పారేసి, కాలుతున్న బజ్జీలను ఉత్త చేతుల్లోనే పట్టుకు తిన్నాను. ఫలితాలు వచ్చిన రోజు రేడియో అన్న గొంతు సవరించుకోగానే పరుగెత్తి లైను చివరి ట్రాక్టరెక్కి, ఆయన చదవడం అయ్యేదాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. సూపర్‌వైజర్ వచ్చి “హారన్ల ఏమన్న లోపముందా?” అన్నాడు. “గదే చూస్తున్న సార్” అన్నాను. ఇరవై రోజులు ఇలా గడిపి, ఆ ఆదివారం పొద్దున, గండం గట్టెక్కిందన్న ధీమాతో క్షవరానికి వెళ్లాను. సగం తల అయ్యాక పక్క కుర్చీ ఆయన “నిన్న మొన్ననే గద అవార్డులిచ్చిరి, ఈసారి సహాయ నటి...” అని మొదలుపెట్టాడు. నేను మెడకు కట్టిన గుడ్డతో సహా లేచి, చెవుల్లో వేళ్లు పెట్టుకుని, బజారులో పడి పరుగెత్తాను.

నాలుగింటికి పెద్దమ్మ గడప ముందు నిలబడ్డాను. ఆమె పిండి కలుపుతోంది. “పెద్దమ్మా, ఈసారి నాకు ఎరుక లేదు” అన్నాను. ఆమె నల్లా కోసం చుట్టూ చూసింది. నల్లా దూరంగా ఉంది. చివరికి నన్నే అడిగింది, “ఏం ఎరుక లేదు?” “ఎవరికొచ్చిందో. ఇరవై రోజులాయె పేపర్ ముట్టక.” “నేనెట్ల నమ్మాలె?” అని తలెత్తింది. నా తల చూసింది. ఎడమ పక్కన నున్నగా, కుడి పక్కన గుబురుగా. “గదేంది, సగమే ఉన్నది?” నేను జరిగింది చెప్పాను. పెద్దమ్మ ముందు పెదవులు బిగబట్టింది, తర్వాత పిండి చేత్తోనే మూతి మూసుకుంది, తర్వాత గోడకు ఆనుకుని కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. “పిచ్చోడా! లోపటికి రా” అంది. ఏడాది తర్వాత నా చోట్లో కూర్చున్నాను. చాప మారింది, గోడ మాత్రం అదే.

ఆ సాయంత్రం నేను చెప్పిన పేర్లన్నీ తప్పాయి. పెద్దమ్మవీ తప్పాయి. ఎనిమిదింటిలో ఒక్కటి ఆమెకు కలిసొచ్చింది, అదీ ఉత్తమ మేకప్. నాలుక చాపమని చూసి “ఏం మచ్చ లేదు, ఉత్త నాలుకనే” అని తీర్పిచ్చింది. నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. తర్వాత ఉత్తమ సహాయ నటి వచ్చింది. చెంబక్క ఈసారి ముందు వరుసలో ఉంది. “ముందల కూసోవెట్టిన్రు బిడ్డా, ఈసారి ఇస్తరు” అంది పెద్దమ్మ. సదివింపుల లెక్క ప్రకారం నాకూ అలాగే అనిపించింది. ఆమె దండం పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను. సంగమేశ్వరుణ్ని ఏం కోరాలో తెలియక, పేరు తప్పు చదవకుండా చూడమని కోరాను. కవరు చింపారు. వేరే ఎవరి పేరో చదివారు.

నిరుడు అదే ఓటమి నా బట్టల కింద మూడు వారాలు పడి ఉంటే నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఈసారి మాత్రం లేచి నిలబడి, బనియన్ల కంపెనీవాణ్ని, జ్యూరీని, యాంకరమ్మను, కవరు చింపినాయన వంశాన్ని వరసపెట్టి తిట్టాను. “అన్యాయం పెద్దమ్మా! వీళ్లకు కళ్లున్నయా?” అని అరిచాను. తెర మీద చెంబక్క నవ్వుతూ చప్పట్లు కొడుతోంది. పెద్దమ్మ ఆమెను చూడడం లేదు, నన్ను చూస్తోంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, “కూసో బిడ్డా, బీపీ వస్తది” అంది. నేను కూర్చున్నాక, “నిరుడు నేనొక్కదాన్నే ఓడిన. ఈసారి ఇద్దరం ఓడినం. జర మంచిగనే ఉన్నది” అంది. తర్వాత లేచి రొట్టెలు చేయడానికి వెళ్లింది.

ఆ మరుసటి ఏడాది నన్ను వేరే రాష్ట్రానికి బదిలీ చేశారు. పెద్దమ్మ బీదర్‌లో తన అక్క దగ్గరికి వెళ్లిపోయి, అక్కడే పోయింది. ఆ సంగతి నాకు నాలుగు నెలల తర్వాత, ఏదో పని మీద ఫోను చేసిన ఖాలా చెబితే తెలిసింది. ఆ నాలుగు నెలలూ ఆమె ఉందనే అనుకుంటూ, ఈసారి పోయినప్పుడు కలవాలి అనుకుంటూ తిరిగాను. ఇప్పుడు మళ్లీ జహీరాబాద్‌లోనే ఉన్నాను, సెక్షన్ ఇన్‌ఛార్జిగా. భార్య ఉద్యోగం, కూతురి బడి హైదరాబాదులో. నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్తాను, మిగతా రోజులు క్వార్టర్‌లో నేనూ టీవీ. అవార్డుల కాలం రాగానే ఫోనులో వాట్సాప్ గ్రూపులన్నీ మూసేస్తాను. క్యాంటీన్‌లో ఎవరైనా ఆ మాటెత్తితే అరవై మందికి పైవాణ్నై ఉండి కూడా ప్లేటు పట్టుకుని బయటికి నడుస్తాను. ట్రైనీలు వెనక నవ్వుకుంటారని తెలుసు.

మొన్న ఆదివారం, ఇప్పటికీ ఆలస్యంగానే వేసే ఆ అవార్డుల కోసం టీవీ ముందు కూర్చున్నప్పుడే మా అమ్మాయి ఫోను చేసింది. దానికి పదేళ్లు. “నాన్నా, అవార్డులు చూస్తున్నావా? అవి ఎప్పుడో అయిపోయినయ్. ఎవరికొచ్చిందో నాకు తెలుసు, చెప్పనా?” అంది. “చెప్పకు తల్లీ. నేను పేర్లు చెప్తా, నువ్వు ఊరికే వింటూ ఉండు” అన్నాను. నాలుగు చెప్పాను. నాలుగూ తప్పాయి. ప్రతిసారీ కవరు చింపకముందే అది అక్కడ కిసుక్కున నవ్వుతోంది. “నాన్నా, నీకు సినిమాల గురించి అస్సలేం తెల్వదు” అంది, ఎంతో సంతోషంగా. “అవునమ్మా, అస్సలు తెల్వదు” అన్నాను. ఇంకాసేపు ఉంటుందేమో అనుకున్నాను గానీ, అమ్మ పిలుస్తోందని పెట్టేసింది. టీవీలో అయిదో కవరు తీస్తున్నారు. ఫోను పక్కన పెట్టి, గదిలో ఎవరూ లేకపోయినా, గట్టిగానే ఒక పేరు చెప్పాను. అదీ తప్పే అయింది.